పుస్తకానికి అవతలి వైపు

మొన్న బెజవాడ గవర్నర్‌పేటలో మా అన్నయ్య ఇంటికి వెళ్ళేసరికి, అన్నయ్య మనవరాలు సోఫాలో బాసింపట్టు వేసుకుని ఫోనులో లెక్కలు నేర్చుకుంటోంది. ఏం లెక్కలే అంటే అసమీకరణాలట. చూద్దును కదా, తెర మీద ఒక ఆకుపచ్చ మొసలి. దానికి ఒక పక్క మూడు చేపలు, ఇంకో పక్క అయిదు చేపలు. మొసలి అయిదు వైపు నోరు తెరిస్తే చప్పట్లు, మూడు వైపు తెరిస్తే ఎవరో ఏడ్చినట్టు చప్పుడు. కృష్ణ నీళ్ళు తాగి అరవై ఏళ్ళు దాటినదాన్ని, తినబోయే ముందు చేపల్ని లెక్కపెట్టుకునే మొసలిని చూడటం ఇదే మొదలు. "మామ్మా, మీ చిన్నప్పుడు కూడా మొసలే ఉండేదా?" అని అడిగింది పిల్ల. "మాకు మొసలెక్కడిదే, మాస్టారుండేవారు" అన్నాను. దానికేం అర్థమైందో గానీ, పడక్కుర్చీలో ఉన్న అన్నయ్య మాత్రం కిసుక్కున నవ్వాడు. మోకాళ్ళ నొప్పితో వీధి గుమ్మం దాకా రావడానికే ముహూర్తం చూసుకునే మనిషి, ఏదో గుర్తొచ్చినట్టు లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. రేకు పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. ఆయన ఆ పెట్టెలో వెతుక్కుంటున్నంతసేపూ నేను మా ఊళ్ళోనే ఉన్నాను.

మాది కూచిపూడి దగ్గర అంటే చాలు, ఎదుటివాళ్ళు ముందు నా కాళ్ళ వంక చూస్తారు. నాట్యం వాళ్ళదండీ, మగ్గం మాది అని చెప్పుకోవడంతోనే నా జీవితం సగం గడిచింది. వాళ్ళ కాళ్ళు వేదిక మీద ఆడేవి, మా నాన్న కాళ్ళు మగ్గం గుంటలో తొక్కుడు చెక్కల మీద ఆడేవి. చప్పట్లు అటే. మా ఇంటి ముందు గదిలో రెండు గుంట మగ్గాలు, వెనక వసారాలో వంట, ఆ రెంటికీ మధ్య మిగిలిన చోటులో మేము. పొద్దున లేస్తూనే ముక్కుకి తగిలేది గంజి వాసన. మనుషులు తాగే గంజి కాదు, నూలుకి పెట్టే గంజి. మా ఇంట్లో నూలు తాగాకే మనుషుల వంతు. వానాకాలం ఆ గంజి పులిసిన వాసన, గుంటలో ఊరిన చెమ్మ వాసన, రంగు నీళ్ళ వాసన కలిసిపోయి, బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నన్ను కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టేది. ఇప్పుడు ఆ చీరలనే అద్దాల కొట్లో పెట్టి, అత్తరు చల్లి, 'సహజం' అని చీటీ కట్టి అమ్ముతున్నారు. సహజం ఎలా ఉంటుందో మా బెంచీ వాళ్ళనడిగితే చెప్పేవాళ్ళు.

ఆ ఇంటికి పెద్దదిక్కు మా నాయనమ్మ. ఆవిడ నోట్లోంచి 'సమానం' అన్న మాట నేను వినలేదు. అన్నీ తగ్గకూడదు, మించకూడదు. చీర పదకొండు మూరలకి తగ్గకూడదు. పొయ్యిలో పుల్లలు రెంటికి మించకూడదు. గంజిలో వేలు పెడితే గోరు మునగాలి, కణుపు మునక్కూడదు. మగపిల్లాడి కంచంలో పెరుగు గరిటెకి తగ్గకూడదు, ఆడపిల్ల నవ్వు గడపకి మించకూడదు. తర్వాత నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాను గానీ, హద్దులు ఇంత స్పష్టంగా గీయగలిగిన మనిషిని మళ్ళీ చూడలేదు. గుర్తులు రావు గానీ ఆవిడ రోజంతా అసమీకరణాల్లోనే మాట్లాడేది. వాటన్నిటికీ సాధన ఒకటే ఉండేది, అన్నయ్యకి ఎక్కువ, నాకు తక్కువ.

అన్నయ్య పేరు భావనారాయణ. నాకంటే రెండేళ్ళు పెద్ద. నాకు దారి చూపించాల్సిన అన్న కాబట్టి ఏడో తరగతిలో రెండుసార్లు ఆగి, నేను వచ్చి కలిసేదాకా నా కోసం ఎదురుచూశాడు. అలా ఇద్దరం ఒకే తరగతిలో పడ్డాం. ఒకే ఇంట్లో ఒకే తరగతి చదివేవాళ్ళకి రెండు లెక్కల పుస్తకాలు ఎందుకని నాన్న ఒక్కటే కొన్నాడు. కొన్న పుస్తకం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. మూడోసారి కూడా పిల్లాడు ఆగిపోతాడేమోనన్న బెంగతో, బళ్ళో లెక్కలు చెప్పే మాస్టారినే సాయంత్రాలు ఇంటికి పిలిచి ట్యూషన్ పెట్టారు. ట్యూషన్ అన్నయ్యకి. నాకు పెట్టింది రాట్నం. నాన్న మర్నాడు నెయ్యడానికి కావలసిన నూలు కండెలు ఆ వేళప్పుడే చుట్టాలి. కూర్చునే చోటు కూడా ముందే నిర్ణయమైపోయింది. గోడవారన చాప మీద మాస్టారూ అన్నయ్యా, వాళ్ళ ముందు పీట, పీట మీద పుస్తకం. పీటకి ఇవతల నేనూ, నా రాట్నం, నూలు చిలపలూ.

మాస్టారు వచ్చీ రాగానే కాఫీ ఎంతదాకా వచ్చిందో వసారా వంక చూసేవారు. కాఫీ వచ్చేదాకా లెక్క చదివేవారు, వచ్చాక తాగేవారు, తాగాక 'అర్థమైందా?' అనేవారు. అన్నయ్య తలూపేవాడు. తలూపడంలో మా అన్నయ్యకి సాటి వచ్చేవాళ్ళు ఆ తాలూకాలో లేరు. నేను చేత్తో రాట్నం తిప్పుతూ, కళ్ళతో పుస్తకం చదివేదాన్ని. తలకిందులుగా. మొదట్లో అంకెలన్నీ శీర్షాసనం వేసినట్టుండేవి. నెల తిరిగేసరికి ఎంత అలవాటైపోయిందంటే, బళ్ళో ఎవరైనా పుస్తకం సరిగ్గా పట్టుకుని ఇస్తే నాకు కాసేపు తికమకగా ఉండేది. ఆ చదువు వల్ల నాకొక వింత అలవాటు కూడా అంటుకుంది. నా చూపు ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే, పుస్తకంలో చివర ఉన్నది నాకు ముందు కనపడేది. అన్నయ్య వైపు నుంచి 'x = 8' అయినది నా వైపు నుంచి '8 = x'. నేనలాగే రాసేదాన్ని. ఎనిమిదో తరగతి సగం గడిచేదాకా దాన్ని మాస్టారు ఎప్పుడూ తప్పనలేదు. రెండు పక్కలా సమానంగా ఉన్నంతకాలం ఎవరు ఎటు కూర్చున్నారో ఎవరికీ పట్టదు మరి.

ఆ తర్వాత అసమీకరణాలు వచ్చాయి. అవి అప్పుడే కొత్తగా మా పుస్తకంలోకి వచ్చిపడ్డాయి. మాస్టారు తన చదువులో వాటిని చూసి ఎరగరు. ఎండాకాలంలో పది రోజులు ఎక్కడో శిక్షణ అని పంపిస్తే వెళ్ళి, ఒక నోటు పుస్తకం, జలుబు తెచ్చుకున్నారు. ఆ నోటు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నల్లబల్ల మీదకి ఎక్కించేవారు. '<', '>' గుర్తుల గురించి మాత్రం సొంతంగా ఒక మాట చెప్పారు. ఈ గుర్తు పెద్దవాడి వైపు నోరు తెరుచుకుని నిలబడుతుంది, చిన్నవాడి వైపు మొన పెట్టి పొడుస్తుంది, అంతే, గుర్తుపెట్టుకోండి అన్నారు. ఆయన మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా ఈ మాటకి మాత్రం దణ్ణం పెడతాను. లోకం మొత్తాన్ని ఒక్క గుర్తులో ఇంత బాగా చెప్పిన మొసలి ఇంకా పుట్టలేదు.

తర్వాత అసలు పేచీ వచ్చింది. రెండు వైపులా ఒకే సంఖ్య కలిపినా తీసేసినా గుర్తు మారదు. మామూలు సంఖ్యతో గుణించినా భాగించినా మారదు. మైనస్ సంఖ్యతో గుణిస్తేనో భాగిస్తేనో మాత్రం గుర్తు తిరగబడుతుంది. ఎందుకండీ అని అడిగాను. రూలు కాబట్టి అన్నారు. రూలు ఎందుకండీ అంటే, ఆడపిల్లకి ఇన్ని ఎందుకులు ఎందుకు అన్నారు. మర్నాడు పొద్దున బట్టలు ఉతకడానికి కాలవ రేవుకి వెళ్ళినప్పుడు అన్నయ్యని నాతో లాక్కుపోయి మెట్ల మీద నిలబెట్టాను. నీళ్ళ అంచున ఉన్న మెట్టు సున్నా. ఒడ్డు వైపు అయిదు మెట్లెక్కితే, మూడు మెట్లెక్కినదానికంటే నువ్వు పైనున్నావు. నీళ్ళలోకి అయిదు మెట్లు దిగితే, మూడు దిగినదానికంటే కిందున్నావు. అవే అయిదు, అవే మూడు. దిక్కు మారేసరికి పైవాడు కిందవాడయ్యాడు. గుర్తు తిరగడం అంటే ఇంతే కదా! నాకు పట్టలేని సంతోషం వేసింది. అన్నయ్య నడుము లోతు నీళ్ళలో నిలబడి, అలవాటు ప్రకారం తలూపాడు. మొద్దు కాబట్టి ఏం చెప్పినా చేసేవాడు అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో తొమ్మిదో తరగతికి వెళ్తూ లెక్కలు రెండు దారులుగా చీలేవి, కాంపోజిట్ మాథ్స్, జనరల్ మాథ్స్ అని. కాంపోజిట్ తీసుకుంటేనే పైన కాలేజీలో లెక్కల గ్రూపు. జనరల్ తీసుకుంటే ఆ తలుపు అక్కడితో మూసుకున్నట్టే. ఆడపిల్లలు జనరల్ తీసుకోవాలని ఎక్కడా రాసి లేదు. రాయనక్కర్లేకుండానే మా బళ్ళో పదేళ్ళుగా ఒక్క ఆడపిల్ల కూడా కాంపోజిట్ వైపు వెళ్ళలేదు. ఆ ఏడు కొత్తగా వచ్చిన హెడ్‌మాస్టరు దేవసహాయం గారు, ఎవరైనా సరే ప్రత్యేకంగా పెట్టే లెక్కల పరీక్షలో యాభైకి తగ్గకుండా మార్కులు తెచ్చుకుంటే కాంపోజిట్ ఇస్తామని నోటీసు పెట్టారు. మాస్టారు ఆ నోటీసు చదివి, 'ఎవరైనా' దగ్గర ఆగి, ఆడపిల్లల బెంచీల వైపు చూసి నవ్వారు. నాకు ఆ నవ్వు చాలా రోజులు అన్నం సహించనివ్వలేదు. నాకు లెక్కలు కావాలి. కండెలు చుట్టడానికి నా చేతులు సరిపోతాయి, నా తల మిగిలిపోతోంది, దాన్నేం చెయ్యను అని ఒక్కదాన్నే ఏడ్చిన రోజులవి.

పరీక్ష రాశాం. కాగితాలు దిద్ది, తండ్రి సంతకం పెట్టించుకు రమ్మని చేతికిచ్చారు. నాకు నలభై ఆరు. నాలుగు మార్కుల లెక్క ఒకటి అడ్డంగా ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. ఆ లెక్క నాకిప్పటికీ కంఠతా వచ్చు. '3 − 2x < −13 సాధించుము.' మాస్టారి నోటు పుస్తకం ప్రకారం మూడుని అవతలికి పంపాలి, −2x < −16 అవుతుంది, అప్పుడు మైనస్ రెండుతో భాగించి గుర్తు తిప్పాలి, x > 8 వస్తుంది. నేనేమో ఆ మైనస్ జోలికే పోలేదు. 2xని కుడి పక్కకి, పదమూడుని ఎడమ పక్కకి తెచ్చుకున్నాను. 16 < 2x అయింది. మామూలు రెండుతో భాగించాను. గుర్తు తిప్పాల్సిన పనే లేకుండా 8 < x అని వచ్చింది. నా వైపు నుంచి పుస్తకం చదివినదానికి x కుడి పక్కన ఉంటేనే సొంత ఇంట్లో ఉన్నట్టుండేది. ఎనిమిది కంటే x పెద్దది అన్నా, x కంటే ఎనిమిది చిన్నది అన్నా ఒకటే. కాగితం పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళి ఆ మాటే చెప్పాను.

ఆయన తన జవాబుల కాగితం చూశారు, నా కాగితం చూశారు. ఆయన దాంట్లో నోరు ఎడమకి తెరిచి ఉంది, నా దాంట్లో కుడికి.

"గుర్తు తిరగలేదు కదే. మైనస్‌తో భాగిస్తే తిరగాలని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పానా?"

"నేను మైనస్‌తో భాగించలేదండీ."

"భాగించకుండా ఎట్లా వస్తుంది? ఎవరి దాంట్లో చూసి రాశావు?"

చూసి రాయడానికి మా తరగతిలో ఆ జవాబు ఇంకెవరు రాశారని! అన్నయ్య కాగితంలో అదే లెక్కకి గుర్తు తిప్పడం మర్చిపోయి x < 8 అని రాసి ఉంది. మొత్తం మీద ఇరవై రెండు మార్కులు. వాడికి ట్యూషన్ చెప్పిన మనిషి చేత, ట్యూషన్ లేని నేను దొంగనని అనిపించుకుని ఇంటికొచ్చాను.

ఇంట్లో నాన్న విని, మాస్టారు తప్పంటే తప్పే అయ్యుంటుంది, ఆయన చదువుకున్నాడు కదా అన్నాడు. అమ్మ పొయ్యి ఊదుకుంటూ ఉండిపోయింది. నాయనమ్మ మాత్రం, అసలేం రాశావు, నాకు చెప్పు అంది. ఆవిడకి xలూ ఎనిమిదులూ చెబితే ఎక్కదని, ఎక్కే ఉదాహరణ ఇచ్చాను. "అన్నయ్య నాకంటే మొద్దు అన్నా, నేను అన్నయ్య కంటే తెలివైనదాన్ని అన్నా ఒకటే కదా నాయనమ్మా? దానికి మాస్టారు నాలుగు మార్కులు తీసేశారు." నాయనమ్మ ముందు నా నెత్తి మీద ఒకటి మొట్టింది, ఆడపిల్లకి అంత నోరు పనికిరాదని. మొట్టాక ఆలోచించింది. "ఒకటేగా మరి. చీర పమిట కొస నుంచి కొలిచినా ఈ కొస నుంచి కొలిచినా పదకొండు మూరలే. ఈ మాత్రం దానికి మాస్టరెందుకు?" అని నాన్నని, రేపు పొద్దున బడికెళ్ళి అడిగి రమ్మంది. ఆవిడ నా పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి, అదే ఆఖరుసారి. ఆ ఉదాహరణ చెప్పినప్పుడు అన్నయ్య అక్కడే గుమ్మంలో కూర్చుని, చిక్కుపడ్డ నూలు చిలప విప్పుతున్నాడు. తలెత్తలేదు. వాడికి అర్థం కాలేదులే అనుకున్నాను.

మర్నాడు నాన్న ఉతికిన పంచె కట్టుకుని, ఉరికంబం ఎక్కబోయేవాడిలా బయలుదేరాడు. హెడ్‌మాస్టరు గదంటే ఆయనకి పోలీస్‌స్టేషనే. కాగితాలున్న చేసంచీ అన్నయ్య పట్టుకున్నాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. దేవసహాయం గారు కూర్చోమన్నారు, నాన్న కూర్చోలేదు. ఏం మాట్లాడాలో తెలియక, సంచీలోంచి నా కాగితం తీసి బల్ల మీద పరిచాడు. నేత మనిషి కదా, ఎవరి ముందు పరిచినా అంచు తనకి కనపడేలా తన వైపు తిప్పుకునే పరుస్తాడు. ఎర్ర సిరా సున్నా చుట్టిన ఆఖరు వరస మీద వేలు పెట్టి, "ఇది తప్పంట కదండీ" అన్నాడు.

దేవసహాయం గారు కళ్ళజోడు నుదుటి మీదే ఉంచుకుని, ముందుకు వంగి చూశారు. "x గ్రేటర్ దేన్ ఎయిట్. కరెక్టే కదండీ. ఎందుకు కొట్టేశారు?" అన్నారు.

ఇప్పుడు మీరు కూడా ఒక కాగితం తీసుకుని '8 < x' అని రాసి, తలకిందులు చేసి చూడండి. ఎనిమిదిని బోర్లించినా ఎనిమిదే. xని బోర్లించినా xయే. గుర్తు ఒక్కటే మొహం తిప్పుకుంటుంది. అచ్చంగా మాస్టారి జవాబు వస్తుంది. హెడ్‌మాస్టరు గారు కళ్ళజోడు కిందకి దించుకుని కాగితం తన వైపు తిప్పుకున్నారు. మళ్ళీ అటు తిప్పారు. మళ్ళీ ఇటు తిప్పారు. మాస్టారిని పిలిపించారు. బల్లకి ఇవతల నిలబెట్టి చదవమన్నారు. తర్వాత తన కుర్చీ వైపు రమ్మని అక్కణ్ణుంచి చదవమన్నారు. మాస్టారు ఒకసారి 'తప్పండీ' అని, ఇంకోసారి 'కరెక్టండీ' అని, మధ్యలో చెమట తుడుచుకున్నారు.

"మనం కుర్చీ మారినప్పుడల్లా లెక్క మారకూడదు కదండీ మాస్టారూ" అన్నారు దేవసహాయం గారు, చాలా మెల్లగా. కొట్టేసిన చోట నాలుగు వేసి, కింద యాభై అని రాసి సంతకం చేశారు. మాస్టారు బయటికి వస్తూ, ఇస్తే ఇచ్చారు, ఎట్లాగూ టెన్త్‌తో ఆపేసే పిల్లే కదా అని నాన్నకి ధైర్యం చెప్పి వెళ్ళారు. నాన్న ఆ మాటకి కూడా చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. ఆ సాయంత్రం నుంచి మాస్టారు ట్యూషన్‌కి రావడం మానేశారు. నేను కండెలు చుట్టడం మాత్రం మానలేదు.

ఆ వేసవిలోనే అన్నయ్యని బడి మాన్పించి, బెజవాడలో మా దూరపు చుట్టం బట్టల కొట్లో పెట్టారు. గవర్నర్‌పేటలో పరుపు మీద కూర్చుని గజంబద్ద పట్టుకోవడం నేర్చుకున్నాడు, తర్వాత సొంత కొట్టు పెట్టాడు. నేను కాంపోజిట్ చదివి, కాలేజీకి వెళ్ళి, ఆ బెజవాడలోనే లెక్చరర్‌ని అయ్యాను. ఏటా అసమీకరణాల పాఠం మొదలుపెట్టే రోజు ఈ కథ చెప్పేదాన్ని. అందులో ముగ్గురుండేవాళ్ళు. తెలివితక్కువ మాస్టారు, ఏమీ తెలియక కాగితం తలకిందులుగా పరిచి కూతుర్ని గట్టెక్కించిన అమాయకపు తండ్రి, అన్నీ తెలిసిన నేను. నాలుగోవాడు, పిల్లల్ని నవ్వించడానికి, గుర్తు తిప్పడం మర్చిపోయిన మా మొద్దు అన్నయ్య. ఎవరైనా పరీక్షలో గుర్తు తిప్పకపోతే, 'ఏమయ్యా భావనారాయణా' అనేదాన్ని. ముప్పై ఏళ్ళ పాటు మా కాలేజీలో అది తిట్టుగా చలామణీ అయింది.

ఇంతలో అన్నయ్య గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో మడతల దగ్గర చిరిగిపోయిన కాగితం. నా కాగితమే. ఎర్ర సిరా గోధుమరంగుకి తిరిగింది. ఆ రోజు తిరిగొస్తుంటే నాన్న సంచీలో పెట్టమని ఇచ్చాడట, సంచీతో పాటే బెజవాడ వచ్చేసిందట. మా ఇద్దరి మధ్య ఉన్న టీపాయ్ మీద పరిచాడు. తన వైపు తిప్పుకుని పరిచాడు. నా వైపు నుంచి x > 8 అని కనిపించింది.

"పాపం నాన్న" అన్నాను నవ్వుతూ. "ఏమీ తెలియకుండా ఇట్లాగే పెట్టాడు."

"తెలియకుండా ఏం కాదే మాణిక్యం" అన్నాడు అన్నయ్య. "నేనే చెప్పా. బడి మెట్లెక్కుతూ చెప్పా. నాన్నా, కాగితం నీ వైపు తిప్పుకుని పెట్టు, ఆయనకి తలకిందులుగా కనపడాలి, ఆఖరు వరస మీదే వేలు పెట్టు అని."

నీకెట్లా తెలుసు అని అడిగాను. అడగడం కూడా పరీక్ష పెట్టినట్టే అడిగాను, అలవాటు.

"రెండేళ్ళు నీకెదురుగానే కూర్చున్నా కదా. మాస్టారు చెప్పేది నా తలకెక్కేది కాదు. నువ్వు అటుపక్క నుంచి ఎట్లా చదువుతున్నావా అని నిన్నే చూస్తుండేవాణ్ణి. నువ్వు లేనప్పుడు ఒకసారి నీ రాట్నం దగ్గర కూర్చుని, పుస్తకం చూశా కూడా. కొన్ని అంకెలు పాడైపోతాయి. ఎనిమిది పాడవదు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

అన్నయ్య కాగితం అంచు వేళ్ళతో సాపు చేశాడు, బట్ట సాపు చేసినట్టే. "మొద్దు అని నువ్వు నాయనమ్మకి లెక్క చెప్పావుగా. నేను అక్కడే ఉన్నా. మళ్ళీ ఆ లెక్క తప్పని నేనెందుకు చెప్పడం, నీకు మార్కులు వస్తున్నాయి కదా అని" అన్నాడు, నవ్వుతూనే.

సిగ్గేసింది. ఈ వయసులో సిగ్గు పడటానికి ఒంట్లో చోటుందని నాకు తెలియదు. ఆ పీట మీది పుస్తకాన్ని తలకిందులుగా చదివేశానని ఊరంతా చెప్పుకున్నాను, దాని వెనక కూర్చున్న మనిషిని ఒక్క వరస చదవలేదు. ట్యూషన్ వాడికి, రాట్నం నాకు అని జీవితమంతా ఉక్రోషపడ్డాను. వాడికి అక్కర్లేని చదువు వాడికి పెట్టారని గానీ, అది మింగలేక అక్కడ కూర్చున్న రెండేళ్ళూ వాడికెలా గడిచాయో గానీ ఎప్పుడైనా అనుకున్నానా! ముప్పై బ్యాచ్‌ల పిల్లల్ని ఇప్పుడు ఎక్కడని వెతికి, ఆ భావనారాయణ వేరు, ఈ భావనారాయణ వేరు అని చెప్పుకోను? నలభై ఆరుని యాభై చెయ్యడానికి నాకొక అన్నయ్య ఉన్నాడు. వాడి ఇరవై రెండుని సరిచూడటానికి ఎవరున్నారు?

ఈలోగా మనవరాలు ఫోను పక్కన పడేసి వచ్చి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒకసారి ఇట్లా ఉంది, ఒకసారి అట్లా ఉంది. ఏది కరెక్ట్ మామ్మా? నువ్వు లెక్కల లెక్చరర్‌వి కదా, చెప్పు."

"నన్నడక్కు. తాతనడుగు" అన్నాను. "ఈ లెక్క మీ తాతకే బాగా వచ్చు."

అన్నయ్య నా వంక చూశాడు. వేళాకోళం చేస్తున్నానేమోనని కాసేపు చూశాడు. తర్వాత, కళ్ళజోడు ఎక్కడ పెట్టానే అని పిల్లనడిగి తెప్పించుకుని, కుర్చీ టీపాయ్ దగ్గరికి జరుపుకున్నాడు.